ఆట నిలబెట్టిన కోట
అట్లాంటిక్ అలల నడుమ ‘ఫోర్ట్ బోయార్’.. టీవీ సాహస క్రీడ తెర వెనుక కథ

చుట్టూ సముద్రం. నడుమ నిటారుగా లేచిన రాతికోట. లోపల చీకటి గదులు, వాటిలో పాములు, పురుగులు. ధనాగారం వద్ద పులుల కాపలా. పోటీదారుల చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే. ఫ్రాన్స్ ప్రభుత్వ టెలివిజన్‌లో 1990 జులై 7న తొలిసారి ప్రసారమైన ‘ఫోర్ట్ బోయార్’ సాహస క్రీడా కార్యక్రమం ప్రేక్షకుల ముందుంచే దృశ్యమిది. తెర వెనుక దృశ్యం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ సాహసం కంటే లెక్కకే విలువ ఎక్కువ. ఆటుపోట్ల వేళలు, పడవల రాకపోకలు, గది తలుపు మూసుకునే క్షణం.. అన్నీ ముందే గణించుకున్నవే. ప్రమాదం కంటికి కనిపించాలి, ఒంటికి తగలకూడదు. ఈ సూత్రం చుట్టూనే యంత్రాంగమంతా తిరుగుతుంది. పాడుబడిన ఒక చారిత్రక కట్టడం నేటికీ నిలిచి ఉందంటే అందుకూ ఈ ఆటే ప్రధాన కారణం కావడం విశేషం.

యుద్ధం చూడని కోట

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో షరాంత్-మారితీమ్ జిల్లా ఉంది. దాని తీరానికి ఎదురుగా ఎక్స్, ఒలెరాన్ అనే రెండు ద్వీపాలున్నాయి. ఈ రెండింటి మధ్య సముద్రంలో, ఇసుక దిబ్బపై బోయార్ కోటను నిర్మించారు. సమీపంలోని రోష్‌ఫోర్‌లో 1666లో ఫ్రెంచి ప్రభుత్వం నౌకా నిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పింది. దానిని శత్రు నౌకల నుంచి కాపాడుకోవాల్సి వచ్చింది. రెండు ద్వీపాలపై ఫిరంగులు మోహరించినా, ఆనాటి గుండ్లు మధ్యలోని జలమార్గం అంతటినీ చేరగలిగేవి కావు. ఆ ఖాళీని పూడ్చేందుకు నడుమ ఒక కోట కట్టాలన్న ఆలోచన 14వ లూయీ కాలంలోనే వచ్చింది. కదిలే ఇసుకపై, అలల తాకిడి మధ్య కట్టడం అసాధ్యమని ఆనాటి నిపుణులు తేల్చడంతో అది కాగితాలకే పరిమితమైంది.

1800ల తొలి సంవత్సరాల్లో నెపోలియన్ ఆ ప్రతిపాదనకు మళ్లీ ప్రాణం పోశాడు. పనివారి నివాసం కోసం ఒలెరాన్ ద్వీపంలో బోయార్‌విల్ అనే ఊరే వెలిసింది. పోటు తగ్గి దిబ్బ బయటపడిన కొద్ది గంటలే పని సాగేది. రాళ్లు తమ బరువుకే ఇసుకలోకి కూరుకుపోయేవి. 1809 ఏప్రిల్‌లో ఎక్స్ ద్వీపం వద్ద లంగరు వేసిన ఫ్రెంచి నౌకలపై ఇంగ్లిష్ నౌకాదళం అగ్నినౌకలతో దాడి చేసింది. అదే ఏడాది నిర్మాణం ఆగిపోయింది. 1815 జులైలో పరాజితుడైన నెపోలియన్ ఫ్రెంచి గడ్డపై చివరి రోజులు గడిపిందీ ఎక్స్ ద్వీపంలోనే. తాను తలపెట్టిన కోట పునాదులు అప్పటికి ఆ ఎదుటి నీటిలోనే ఉన్నాయి.

లూయీ ఫిలిప్ హయాంలో 1837లో పనులు తిరిగి మొదలై, 1857 నాటికి కోట పూర్తయింది. 70 మీటర్లకు కాస్త తక్కువ పొడవు, 31 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తున్న గోడలతో అండాకారంలో రూపుదిద్దుకుంది. 250 మంది సైనికులు ఉండేందుకు వీలుగా కట్టారు. అయితే ఈలోగా ఫిరంగుల సత్తువ పెరిగింది. ద్వీపాల మీది నుంచి పేల్చిన గుండ్లే జలమార్గాన్ని చేరసాగాయి. ఏ అవసరం కోసం కోట కట్టారో, కట్టడం పూర్తయ్యేసరికి ఆ అవసరమే లేకుండా పోయింది. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటుదారులను కొంతకాలం ఇక్కడ బంధించారు. 1913లో సైన్యం కోటను వదిలేసింది. 1950లో చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చినా ఆలనాపాలనా కరవైంది. 1962లో వేలం వేయగా బెల్జియంకు చెందిన ఒక దంతవైద్యుడు 28 వేల ఫ్రాంకులకు పాడుకున్నాడు. పేరుకు యజమాని ఉన్నా, కోటను ఏలింది మాత్రం సముద్ర పక్షులే. 1967లో వచ్చిన ‘లెజావాంతూరియే’ అనే ఫ్రెంచి చలనచిత్రంలో ఈ కోట కనిపించింది. అలెన్ దెలాన్, లీనో వెంతురా అందులో ప్రధాన పాత్రధారులు.

వేట నుంచి కోటకు

కోటకు కొత్త జీవితం ఇచ్చిన వ్యక్తి జాక్ ఆంత్వాన్. ఫ్రెంచి రేడియో, టీవీ రంగాల్లో క్రీడా కార్యక్రమాల రూపకర్తగా ఆయనకు పేరుంది. ‘లా షాస్ ఓ ట్రెజోర్’, అంటే నిధుల వేట, ఆయన సృష్టే. స్టూడియోలో కూర్చున్న పోటీదారులు పుస్తకాలు, పటాలు తిరగేసి ఆధారాలను విప్పుతారు. వారి సూచనలు వింటూ ఒక వ్యాఖ్యాత హెలికాప్టర్‌లో తిరిగి నిధిని వెతుకుతాడు. ఇదే ఊహ ‘ట్రెజర్ హంట్’ పేరిట బ్రిటన్‌లోనూ 1982 నుంచి 1989 వరకు ప్రసారమైంది.

హెలికాప్టర్ ఎక్కడికైనా ఎగరగలదు. అందుకే అలాంటి కార్యక్రమంలో వాతావరణం, ఖర్చు, భద్రత ఎప్పుడూ అదుపులో ఉండవు. సాహసమంతటినీ ఒకే ప్రాకారంలో బంధిస్తే ఎలా ఉంటుందన్నది ఆంత్వాన్ తర్వాతి ఆలోచన. పోటీదారులే స్వయంగా గదిగదికీ పరుగెత్తాలి, తాళంచెవులు సంపాదించాలి, చివరకు ధనాగారం తెరవాలి. ఇందుకు సెట్ వేయాల్సిన పని లేదు. సముద్రం మధ్య కోట సిద్ధంగా ఉంది.

1988లో ఆంత్వాన్ కోటను కొనుగోలు చేశారు. మరుసటి ఏడాది నామమాత్రంగా ఒక్క ఫ్రాంకు తీసుకొని జిల్లా పాలక మండలికి అప్పగించారు. కోట యాజమాన్యం, మరమ్మతుల భారం మండలిది. కార్యక్రమం ద్వారా కోటను సజీవంగా ఉంచే బాధ్యత నిర్మాతలది. ఈ ఒప్పందమే తర్వాతి కథకంతటికీ పునాది. ప్రజల సొత్తయిన కట్టడం ప్రైవేటు వినోదానికి వేదికైంది. ఆ వినోదంతో వచ్చిన పేరు జిల్లా పర్యాటకానికి పెట్టుబడిగా మారింది. నేడు లా రొషెల్, ఫురా, ఒలెరాన్ రేవుల నుంచి పర్యాటకుల పడవలు కోట చుట్టూ ప్రదక్షిణ చేసి వస్తుంటాయి. లోపలికి మాత్రం సామాన్య సందర్శకులకు ప్రవేశం లేదు.

మొదట చేసిన పని చిత్రీకరణ కాదు, శుభ్రత. దశాబ్దాలుగా పేరుకుపోయిన పక్షుల రెట్టను తొలగించారు. కూలే ప్రమాదమున్న రాళ్లను సరిచేశారు. సైనికుల గదులను ఆటగదులుగా మార్చారు. 1990 వేసవిలో పత్రీస్ లాఫోం వ్యాఖ్యాతగా తొలి ప్రసారం జరిగింది.

ఆట సాగే తీరు

పైకి చూస్తే నియమాలు సరళమే. జట్టు సభ్యులు ఒక్కొక్కరుగా గదుల్లోకి వెళ్తారు. ఒక గదిలో బలం, మరో గదిలో ఒడుపు, ఇంకో గదిలో బుద్ధి, వేరొక గదిలో ధైర్యం పరీక్షకు వస్తాయి. గెలిస్తే తాళంచెవి దక్కుతుంది. గడువు ముగిసేలోగా బయటపడకుంటే తలుపు మూసుకుంటుంది, పోటీదారు బందీ అవుతాడు. కోటపై బురుజులో ఉండే తెల్లగడ్డం వృద్ధుడు ‘పేర్ ఫురా’ పొడుపు కథలు వేస్తాడు. తీరంలోని ఫురా పట్టణం పేరే ఆ పాత్రకు పెట్టారు. రెండో దశలో పోటీదారులు ఆధార పదాలను సేకరిస్తారు. వాటన్నింటికీ సంబంధమున్న ఒకే ఒక రహస్య పదాన్ని కనిపెట్టాలి. ధనాగారం నేలపై అక్షరాలు చెక్కి ఉంటాయి. సభ్యులు ఆ అక్షరాలపై నిలబడి పదాన్ని కూర్చాలి. మనుషులు చాలకుంటే మిగిలిన అక్షరాలపై ఫిరంగి గుండ్లు ఉంచాలి. పదం సరైనదైతే ‘బోయార్’ అనే బంగారు రంగు నాణేలు పైనుంచి జలజలా రాలుతాయి. ఇనుప గేటు కిందికి దిగేలోగా వాటిని వీలైనన్ని మోసుకుపోవాలి.

తొలి సంవత్సరాల్లో సామాన్యులు తమ కోసం ఆడేవారు. 1993 తర్వాత ఫ్రెంచి కార్యక్రమంలో ఎక్కువగా ప్రముఖులు స్వచ్ఛంద సంస్థల తరఫున ఆడుతూ వచ్చారు. దీంతో ఆట స్వభావంలోనూ మార్పు వచ్చింది. పోగయ్యే ప్రతి నాణెం ఒక సేవా సంస్థకు అందుతుందన్న భావన ప్రేక్షకుల్లో కలిగింది. పేరున్న నటుడు చీకట్లో చేయి పెట్టలేక వెనకాడినప్పుడు నవ్వుతో పాటు సానుభూతీ పుట్టేది.

పడవ తప్పితే పని తప్పినట్టే

స్టూడియోలో చిత్రీకరణకు, ఇక్కడి చిత్రీకరణకు ఉన్న తేడా సముద్రం. కోటకు తీరం నుంచి వంతెన లేదు. లోపల తాగునీటి ఊట లేదు. మనుషులు, కెమెరాలు, ఆహారం, నీరు, జనరేటర్లకు ఇంధనం సమస్తం పడవల మీద రావాల్సిందే. వ్యర్థాలన్నీ తిరిగి పడవల మీదనే తీరానికి చేరాలి. కోట గోడకు పడవ ఆనించడం కష్టం కావడంతో పక్కనే సముద్రంలో ఇనుప స్తంభాలపై ఒక వేదిక నిర్మించారు. పడవలు అక్కడికి చేరతాయి. వేదిక మీది నుంచి క్రేను సాయంతో కోటలోకి సామగ్రిని, మనుషులను చేరవేస్తారు. పోటీదారులు అలల పైన గాల్లో వేలాడుతూ రావడం ప్రేక్షకులకు సాహసంగా కనిపిస్తుంది. సిబ్బందికి మాత్రం అది రోజూ ఉద్యోగానికి వెళ్లే దారి.

అందుకే చిత్రీకరణ కాలం పరిమితం. శీతకాలపు అట్లాంటిక్ తుపానుల్లో అక్కడ పని అసాధ్యం. ఏటా వసంతం చివర, వేసవి ఆరంభంలో సముద్రం కొంత శాంతించిన వారాల్లోనే అన్ని ఎపిసోడ్లనూ వరుసగా తీస్తారు. అవే వేసవి సెలవుల్లో శనివారం సాయంత్రాలు ప్రసారమవుతూ వచ్చాయి. గాలి పెరిగితే ఎత్తు నుంచి దూకే పరీక్షలు ఆగిపోతాయి. ఒక పడవ ఆలస్యమైతే వంట నుంచి కెమెరా వరకు అన్ని విభాగాల వేళలూ తారుమారవుతాయి. తీరంలోని స్టూడియోలో ఒక తీగ తెగితే దుకాణం నుంచి తెప్పించుకోవచ్చు. ఇక్కడ ముందుచూపుతో రెండోది తెచ్చిపెట్టుకోవడమే మార్గం.

రాతి గదులు చిన్నవి. భారీ కెమెరాలు, దీపాలు, మనుషులు ఒకేసారి ఇమడరు. పైగా గదిలో జరిగేది నాటకం కాదు, గడువున్న ఆట. పోటీదారు తాళంచెవి అందుకున్న క్షణాన్ని కెమెరా పట్టలేకపోతే మరోసారి చేయించడం కుదరదు. చేయిస్తే పోటీ న్యాయం దెబ్బతింటుంది. కాబట్టి ఏ కెమెరా ఎక్కడుండాలో, వెలుగు ఎటు నుంచి పడాలో ముందే నిర్ణయించి ఉంచుతారు. పరుగెత్తే జట్టు వెంట కెమెరా మోస్తూ మెట్లెక్కే సాంకేతిక నిపుణుల శ్రమ పోటీదారుల శ్రమకు ఏమాత్రం తీసిపోదు. పోటీదారులు ఆ ఒక్కరోజు ఆడి వెళ్లిపోతారు. కెమెరా సిబ్బంది మర్నాడూ అవే మెట్లెక్కాలి.

జట్టును గది నుంచి గదికి నడిపించే ‘పాస్‌పార్తూ’ పాత్రకు ఇక్కడే ప్రాధాన్యం. ఆంద్రే బూషే అనే పొట్టి మనిషి 1990 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఈ పాత్రలో కనిపించారు. తాళంచెవుల గుత్తితో ముందు పరుగెత్తే ఆయన ప్రేక్షకులకు వినోదం. నిర్మాణ వర్గాలకు ఆయన ఆట సారథి. ఏ గది తర్వాత ఏ గది అన్న క్రమం పోటీదారులకు తెలియదు. మాటలు లేకుండానే, చర్చకు తావివ్వకుండా, వారిని సరైన వేళకు సరైన తలుపు ముందుకు చేర్చడం ఆ పాత్ర పని.

నీటి గడియారం చెప్పే లెక్క

ప్రతి గది బయట ఒక నీటి గడియారం ఉంటుంది. రంగునీరు పైనుంచి కిందికి దిగినంత సేపే ఆటకు గడువు. అంకెలు మారే గడియారం పెట్టకుండా ఈ పాత పద్ధతి ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. ఎంత నీరు మిగిలిందో ప్రేక్షకుడు ఒక్క చూపులో గ్రహిస్తాడు, ఎన్ని క్షణాలు మిగిలాయో కచ్చితంగా చెప్పలేడు. లోపలున్న పోటీదారుకు అదీ కనిపించదు. బయట నిలబడ్డ సహచరుల కేకలే అతనికి ఆధారం. రావాలా, ఇంకొక్క ప్రయత్నం చేయాలా అన్న ఊగిసలాట నుంచే కార్యక్రమానికి కావాల్సిన ఉత్కంఠ పుడుతుంది. గదిలో పెట్టిన పాముల కంటే ఈ నీరే పోటీదారును ఎక్కువగా భయపెడుతుంది.

గడువు ఎంతన్నది ఊహించి పెట్టేది కాదు. ఏటా కొత్త ఆటలను రూపొందించి, వడ్రంగులు, యంత్ర నిపుణులు, అలంకరణ సిబ్బంది కలిసి తయారుచేస్తారు. ఆ తర్వాత ఆట పరీక్షకుల వంతు వస్తుంది. పోటీదారుల కంటే ముందు ఆ ఆటను వీరు పదేపదే ఆడతారు. అందరూ సులువుగా గెలిస్తే ఆట చప్పబడుతుంది. ఎవరూ గెలవలేకపోతే ప్రేక్షకుడు మోసమని భావిస్తాడు. పొడవైనవారికి, పొట్టివారికి, బలవంతులకు, బక్కపలచనివారికి సమానంగా అందేలా తాళ్ల ఎత్తు, బరువులు, గడువు సరిచేస్తారు. తాడు ఒరిపిడికి ఎక్కడ అరుగుతోంది, చేయి ఎక్కడ ఇరుక్కుంటోంది, కాలు ఎక్కడ జారుతోంది అన్నవీ ఈ దశలోనే బయటపడతాయి. తెరపై వారి పేర్లు ఎవరికీ గుర్తుండవు. అయినా పోటీదారు క్షేమంగా బయటపడటంలో వారి పాత్ర కీలకం.

పులికీ మనిషికీ మధ్య

ధనాగారాన్ని కాపలా కాసే పులులు కార్యక్రమానికి చిహ్నంగా మారాయి. జంతు శిక్షకుడు తియెరీ లె పోర్తియే వద్ద పెరిగిన పులులను ఇందుకు వినియోగించేవారు. ‘గ్లాడియేటర్’ వంటి చలనచిత్రాలకు పులులతో పనిచేసిన అనుభవం ఆయనది. తెరపై వాటిని అదుపులో ఉంచే ‘ఫెలిండ్రా’ పాత్రలో మోనిక్ ఆంజోన్ కనిపించారు. ఆమె వేషం వేసిన నటి కాదు, నిజమైన పులుల శిక్షకురాలు. అందుకే ఆమెకు మాత్రమే పులులతో పాటు ఒకే ఆవరణలో నిలబడే వీలుండేది.

పోటీదారుల విషయంలో నియమం కఠినం. ముందుగా పులులు బోనులోకి మళ్లుతాయి. ఆ తర్వాతే ధనాగారం గేటు లేస్తుంది. పులి, పోటీదారు ఒకే నేలపై ఒకే సమయంలో ఉండరు. పులి గర్జన, గేటు చప్పుడు వెంటవెంటనే వినిపించడంతో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్న భావన ప్రేక్షకుడిలో కలుగుతుంది. జాడీలలో చేయి పెట్టే ఆటలోనూ ఇదే పద్ధతి. ఒళ్లు గగుర్పొడిచేలా చేసే జీవులనే ఉంచుతారు, ప్రాణహాని కలిగించేవాటిని కాదు. భయం పోటీదారు మనసులో ఉంటుంది, జాడీలో కాదు.

జంతువులను వినోదానికి వాడటంపై ఐరోపాలో అభ్యంతరాలు ఏటేటా పెరిగాయి. జంతు హింస నివారణకు ఫ్రాన్స్ 2021 నవంబరులో కొత్త చట్టం చేసింది. సర్కస్‌లు, టీవీ కార్యక్రమాలలో వన్యప్రాణుల వినియోగంపై అందులో ఆంక్షలు విధించింది. ముప్పయ్యేళ్ల కిందట ఎవరూ ప్రశ్నించని పులి కాపలా నేడు చట్టసభల్లో చర్చనీయాంశం కావడం గమనార్హం.

ఒకే కోట.. ఎన్నో దేశాలు

విదేశీ కార్యక్రమాలకు తెలుగు రూపాలు మన ప్రేక్షకులకు కొత్త కాదు. 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’, 2017లో ‘బిగ్ బాస్’ ఇలాగే తెలుగులోకి వచ్చాయి. అక్కడ ఊహ హక్కులు కొని, ప్రతి భాషవారూ తమ చోట తమ సెట్ వేసుకుంటారు. ఫోర్ట్ బోయార్ పద్ధతి దీనికి తలకిందులు. సెట్ ఉన్నచోటే ఉంటుంది, దేశాలే దాని వద్దకు వస్తాయి.

స్వీడన్, జర్మనీ, నెదర్లాండ్స్, నార్వే, డెన్మార్క్, గ్రీస్, రష్యా సహా పలు దేశాల టీవీ సంస్థలు ఇదే కోటలో తమ భాషల్లో కార్యక్రమాలు తీశాయి. వ్యాఖ్యాత, పోటీదారులు వారివారే. గదులు, ఆటలు, పులులు, పాస్‌పార్తూ, క్రేను నడిపే సిబ్బంది మాత్రం అందరికీ ఒక్కరే. స్వీడన్ కార్యక్రమానికి ఒలింపిక్ స్కీ విజేత గుండే స్వాన్ వ్యాఖ్యాతగా వ్యవహరించారు. బ్రిటన్‌లో 1998 నుంచి 2001 వరకు ఛానల్ 5లో ఇది ప్రసారమైంది. ఫ్రెంచి చిత్రీకరణ ముగిశాక, లేదా దానికి ముందు, దేశాలు వంతులవారీగా కొద్ది రోజుల చొప్పున కోటను తీసుకునేవి. పడవలు, వేదిక, క్రేను, వైద్య బృందం వంటివాటి ఖర్చును ఒక్క దేశపు టీవీ సంస్థ భరించడం భారం. దానిని పలువురు పంచుకోవడంతో అందరికీ గిట్టుబాటైంది. కోట ఇన్నేళ్లు నిలదొక్కుకోవడానికి ఈ ఆర్థిక సూత్రం తోడ్పడింది.

కోట బదులు కట్టిన చిట్టడవి

‘ట్రెజర్ హంట్’ నిర్మించిన బ్రిటన్ సంస్థ ఫోర్ట్ బోయార్‌నూ తమ దేశానికి తీసుకురావాలని తలచింది. ఆ సమయానికి కోట అందుబాటులో లేదు. దీంతో ఆంత్వాన్ అదే ఊహను స్టూడియోకు తగ్గట్టు మలిచారు. అలా పుట్టిందే ‘ది క్రిస్టల్ మేజ్’. 1990 ఫిబ్రవరి 15న ఛానల్ 4లో ఇది మొదలైంది. అంటే మూలమైన కోట కార్యక్రమం కంటే దాని నుంచి పుట్టిన పిల్లే కొన్ని నెలల ముందు తెరకెక్కింది.

వేర్వేరు కాలాలను తలపించే నాలుగు మండలాలతో కూడిన భారీ సెట్‌ను తొలుత షెపర్టన్ స్టూడియోలో వేశారు. అనంతరం ఎసెక్స్‌లోని నార్త్ వీల్డ్ వైమానిక స్థావరంలోని స్టూడియోకు తరలించారు. గెలిచిన ప్రతి స్ఫటికం చివరి గాజు గోపురంలో 5 సెకన్ల సమయం ఇస్తుంది. గాలికి ఎగిరే బంగారు రంగు కాగితాలను ఆ కొద్దిసేపట్లో పట్టుకోవాలి. అక్కడ సముద్రం లేదు, తుపాను లేదు. ఆ లోటును వ్యాఖ్యాత రిచర్డ్ ఓబ్రియన్ కొంటె మాటలతో పూరించారు. ఒకే ఊహ, రెండు చోట్ల, రెండు రూపాలు. ఒకచోట ప్రకృతి సమకూర్చిన ఉత్కంఠను మరోచోట వడ్రంగులు, వ్యాఖ్యాత కలిసి కల్పించాల్సి వచ్చింది.

ప్రాకారం దాటితే..

సాహస క్రీడల్లో భద్రత ఎంత కీలకమో ఫ్రాన్స్‌కు చేదు అనుభవాల ద్వారానే తెలిసింది. 2013 మార్చిలో ‘సర్వైవర్’కు ఫ్రెంచి రూపమైన ‘కో లాంటా’ కంబోడియాలో చిత్రీకరణ మొదలైన తొలిరోజే ఒక యువ పోటీదారు మరణించాడు. ఆ ఏడాది కార్యక్రమాన్ని రద్దు చేశారు. 2015 మార్చి 9న ‘డ్రాప్డ్’ అనే కార్యక్రమ చిత్రీకరణలో అర్జెంటీనాలో రెండు హెలికాప్టర్లు గాల్లో ఢీకొని పది మంది ప్రాణాలు కోల్పోయారు. నావికురాలు ఫ్లోరెన్స్ ఆర్తో, ఒలింపిక్ ఈత విజేత కమీల్ ముఫా, బాక్సర్ అలెక్సీ వాస్తీన్ మృతుల్లో ఉన్నారు. మిగిలినవారు చిత్రీకరణ సిబ్బంది, పైలట్లు. సాహసం చేసేవారికే కాదు, దానిని చిత్రించేవారికీ ముప్పు సమానమేనని ఆ దుర్ఘటన చాటింది.

తెర మీద ఆడేవారు ఆటగాళ్లా, ఉద్యోగులా అన్న ప్రశ్న కూడా ఫ్రాన్స్‌లో న్యాయస్థానం మెట్లెక్కింది. ఒక రియాలిటీ కార్యక్రమంలో పాల్గొన్నవారు దాఖలు చేసిన వ్యాజ్యంలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2009 జూన్‌లో తీర్పు చెప్పింది. నిర్మాతల ఆదేశాల ప్రకారం, నిర్దేశించిన వేళల్లో చిత్రీకరణలో పాల్గొనడం ఉద్యోగంతో సమానమేనని, వారికి కార్మిక చట్టాలు వర్తిస్తాయని తేల్చింది. వినోదం కోసం కష్టపడే మనిషికి పని గంటలు, విశ్రాంతి, భద్రత హక్కులుంటాయని గుర్తించిన తీర్పుగా అది నిలిచింది.

తెలుగునాట ఈ తరహా కార్యక్రమాలు ఎక్కువగా అనువాదాలుగానో, హిందీలోనో పరిచయమయ్యాయి. జపాన్‌లో 1986 నుంచి 1990 వరకు ప్రసారమైన ‘తకేషీస్ క్యాజిల్’ పోగో ఛానల్‌లో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో ఇక్కడి పిల్లలనూ కడుపుబ్బా నవ్వించింది. 2008లో కలర్స్ ఛానల్‌లో మొదలైన ‘ఖత్రోన్ కే ఖిలాడీ’ భయాన్నే ప్రధానంగా చూపింది. వాటిని చూసి ఇళ్లలో, చెరువుగట్లపై అనుకరించబోయే పిల్లలకు తెర వెనుక ఉండే పరీక్షకులు, తాళ్లు, వైద్యులు కనిపించరు. అలాంటి విన్యాసాలు ఇంట్లో చేయవద్దన్న హెచ్చరికను తెరపై వేయడానికి కారణమిదే.

ఇప్పుడు పరీక్ష కోటకే

2003 నుంచి ఒలివియే మీన్ వ్యాఖ్యాతగా కొనసాగుతూ వచ్చిన ఈ కార్యక్రమం మూడు తరాల ప్రేక్షకులకు చేరువైంది. అయితే ఆటగదుల్లో నీటి గడియారం లెక్కిస్తున్నంత కాలమూ బయట సముద్రం తన లెక్క తాను వేసుకుంటూనే ఉంది. అలల తాకిడి నుంచి కోటను కాపాడేందుకు తొలి నిర్మాతలు ముందువైపు కట్టిన రాతి ముక్కు, పునాది చుట్టూ వేసిన రాతి అరుగు, వెనుకవైపు పడవలు ఆగే చిన్న రేవు కాలక్రమంలో కొట్టుకుపోయాయి. అప్పటి నుంచి అలలు నేరుగా గోడలను తాకుతున్నాయి. గోడల్లో పగుళ్లు కనిపించాయి. ఏటా మరమ్మతులు చేసినా మూలం బలహీనపడుతున్నప్పుడు పైపూతలు ఎంతోకాలం ఆగవు.

ఈ నేపథ్యంలో షరాంత్-మారితీమ్ జిల్లా పాలక మండలి భారీ రక్షణ పనులకు సిద్ధమైంది. 3 కోట్ల యూరోలకు పైగా వ్యయంతో తలపెట్టిన ఈ పనులు 2025లో మొదలయ్యాయి. పోయిన ముక్కును, అరుగును, రేవును తిరిగి నిర్మించి, అలల బలాన్ని గోడల వరకు రాకుండా విరగ్గొట్టడం వాటి ఉద్దేశం. ఒకనాడు నెపోలియన్ మనుషులకు ఎదురైన చిక్కే నేటి ఇంజినీర్లకూ ఎదురవుతోంది. పోటు తగ్గాలి, గాలి అనుకూలించాలి, సామగ్రి పడవ మీద రావాలి. పైగా ఏటా వేసవి చిత్రీకరణకు ఆటంకం లేకుండా పనులు సాగాల్సి ఉంటుంది.

ఒక టీవీ ఆట కోసం ప్రజాధనం ఇంత వెచ్చించాలా అన్న ప్రశ్న సహజం. ఆట లేకపోతే ఈ కోట గురించి అడిగేవారే ఉండేవారు కాదన్నది దానికి జవాబు. శత్రువును అడ్డుకోవడానికి కట్టిన గోడలు ఒక్క యుద్ధంలోనూ ఆ పని చేయలేదు. వాటి మధ్య పరుగెత్తిన పోటీదారులు, వారి వెంట కెమెరాలు మోసిన సిబ్బంది మాత్రం ఆ గోడలకు మూడు దశాబ్దాలకు పైగా కాపలా కాశారు.